2025-26 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజనులో థండర్ కప్పు నిలబెట్టుకోలేదని నా అంచనా, మీరేమంటారు?

కోనసీమ పాయింట్‌గార్డు (అమలాపురం) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. ఎన్‌బీఏ 2025-26 సీజను 2025 అక్టోబరు 21న మొదలవుతోంది. మన గడియారానికి అది 22వ తేదీ తెల్లవారుజామున 5 గంటలు, అంటే దీపావళి వెళ్ళిన రెండోనాడు. నిరుటి విజేత ఓక్లహోమా సిటీ థండర్ జట్టు సొంత కోర్టులో హ్యూస్టన్ రాకెట్స్‌తో తొలి మ్యాచ్ ఆడుతుంది. సంక్రాంతి బరిలో కోడి మీద కాసినట్టు ఇక్కడ ఎవరూ డబ్బు కాయనక్కరలేదు కనుక, తప్పితే పోయేది మాట ఒక్కటే కనుక, నా అంచనాలను ముందే రాసి పెడుతున్నాను. వాటిలో ప్రధానమైనది ఇది: థండర్ ఈసారి కప్పు నిలబెట్టుకోలేదు, డెన్వర్ నగెట్స్ గెలుస్తుంది.

థండర్ బలహీనమైన జట్టని నేను అనడం లేదు. గత సీజనులో 82 మ్యాచ్‌లకు 68 గెలిచి, ప్రత్యర్థులను సగటున దాదాపు 13 పాయింట్ల తేడాతో ఓడించిన జట్టు అది. అంత సగటు తేడా లీగ్ చరిత్రలో అంతకుముందు ఏ జట్టుకూ లేదు. షే గిల్జస్-అలెగ్జాండర్ మ్యాచ్‌కు 32.7 పాయింట్లతో స్కోరింగులో మొదటి స్థానంలో నిలిచి, ఎమ్‌వీపీ (సీజను ఉత్తమ ఆటగాడి అవార్డు), ఫైనల్స్ ఎమ్‌వీపీ కూడా అదే ఏడాది అందుకున్నాడు. అయినా 2018లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ వరుసగా రెండోసారి గెలిచిన తరవాత టైటిల్ నిలబెట్టుకున్నవారు లేరు. టొరంటో, లేకర్స్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్, బోస్టన్, ఇప్పుడు ఓక్లహోమా సిటీ: ఏడేళ్ళు, ఏడు జట్లు. వీటిలో మొదటి ఆరు జట్లలో ఒక్కటి కూడా మరుసటి ఏడాది ప్లేఆఫ్స్ (లీగ్ దశ తరవాతి నాకౌట్ పోటీలు) రెండో రౌండు దాటలేదు. దీనిని కాకతాళీయమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. జూన్ నెలాఖరు దాకా ఆడిన కాళ్ళకు విశ్రాంతి చాలదు. పైగా మిగిలిన జట్లన్నీ వేసవంతా విజేత ఆటనే ముందు వేసుకుని చదువుతాయి.

ఇక డెన్వర్ సంగతి. గత మే నెలలో రెండో రౌండులో, ఏడు మ్యాచ్‌ల పోరులో, ఇదే థండర్‌ను ఏడో మ్యాచ్ దాకా లాగిన జట్టు అది. లీగ్ దశలో మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా కోచ్ మైకేల్ మలోన్‌ను తొలగించి, సహాయకుడు డేవిడ్ ఆడెల్మన్‌కు పగ్గాలు అప్పగించి, సగం మంది దెబ్బలతో ఆడుతూ కూడా అంత దూరం వచ్చింది. ఆ జట్టు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) నికొలా యోకిచ్ ఆ సీజనులో సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (తప్పిన షాట్లను పట్టడం), 10.2 అసిస్టులు (స్కోరుకు దారితీసే పాస్‌లు) సాధించాడు. ఇన్నేళ్ళుగా డెన్వర్ జబ్బు ఒక్కటే: అతను ఊపిరి పీల్చుకోవడానికి బెంచ్ మీద కూర్చున్న ఆ కొద్ది నిమిషాలలోనే సంపాదించిన ఆధిక్యమంతా కరిగిపోతుంది. ఈ వేసవిలో ఆ జబ్బుకే మందు వేశారు. మైకేల్ పోర్టర్‌ను బ్రూక్లిన్‌కు పంపి కామెరన్ జాన్సన్‌ను తెచ్చారు. యోనస్ వలాన్చూనస్ రూపంలో యోకిచ్‌కు చాలాకాలం తరవాత అసలైన ప్రత్యామ్నాయ సెంటర్ దొరికాడు. 2023 కప్పు జట్టులోని బ్రూస్ బ్రౌన్ తిరిగి వచ్చాడు.

తూర్పు విభాగంలో లీగ్ దశ వరకు క్లీవ్‌లాండ్ మొదటి స్థానంలో నిలుస్తుందనీ, ఫైనల్స్‌కు మాత్రం న్యూయార్క్ నిక్స్ వెళుతుందనీ నా అంచనా. ఎమ్‌వీపీ యోకిచ్‌కు నాలుగోసారి వస్తుంది. నా లెక్క ఎక్కడ తేలిపోతుందో పెద్దలూ తోటి అభిమానులూ చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తణుకు థండర్ జవాబు:

పాయింట్‌గార్డు గారూ, డెన్వర్ ఏడో మ్యాచ్ దాకా లాగిందని రాశారు గానీ ఆ ఏడో మ్యాచ్‌లో ఏం జరిగిందో దాటవేశారు. అది 125-93తో ముగిసింది. ఆ రోజు థండర్ కోచ్ మార్క్ డెయిగ్నాల్ట్ ఆరడుగుల అయిదంగుళాల అలెక్స్ కరూసోను తీసుకువెళ్ళి ఆరడుగుల పదకొండంగుళాల యోకిచ్ మీద కాపు పెట్టాడు. రికార్డింగు దొరికితే ఆ ఒక్క జోడీనే చూడండి. కరూసో వెనక నిలబడి కాచుకోలేదు. బంతి రాకముందే యోకిచ్ ముందుకు దూరి, నడుము కిందికి వంచి, మోకాళ్ళ బలంతో ఆ భారీకాయాన్ని ఆపుతూ, పాస్ వచ్చే దారికే అడ్డం పడ్డాడు. తల మీదుగా వేసిన బంతులను అందుకోవడానికి వెనక చెట్ హోల్మ్‌గ్రెన్, ఐజయా హార్టెన్‌స్టైన్ కాచుకుని ఉన్నారు. వలాన్చూనస్ వచ్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు, ఎందుకంటే అది యోకిచ్ కూర్చున్నప్పుడు వచ్చిన కష్టం కాదు, ఆడుతున్నప్పుడు వచ్చిన కష్టం.

ఏడేళ్ళు, ఏడు విజేతలు అన్న లెక్కకు అలసట కన్నా పెద్ద కారణం డబ్బు అని నా అభిప్రాయం, మరీ ముఖ్యంగా ఈ మధ్య గెలిచిన జట్ల విషయంలో. 2023లో వచ్చిన ఒప్పందంలో ‘సెకండ్ ఏప్రన్’ అనే జీతాల గీత ఒకటి పెట్టారు. ఆ గీత దాటిన జట్టు పన్ను కట్టి ఊరుకోవడానికి వీలులేదు; ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి ట్రేడులో (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడిలో) తెచ్చుకోవడం వంటి దారులన్నీ మూసుకుపోతాయి. బోస్టన్ ఈ వేసవిలో జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కూ, పోర్జింగిస్‌ను అట్లాంటాకూ వదులుకున్నది అందుకే. థండర్‌కు ఆ గడియ ఇంకా రాలేదు. గిల్జస్-అలెగ్జాండర్‌తో నాలుగేళ్ళకు 28.5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరినా అది 2027-28 నుంచి గానీ అమలులోకి రాదు. హోల్మ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్‌ల పెద్ద జీతాలు 2026-27 నుంచి మొదలవుతాయి. కాబట్టి కప్పు గెలిచిన జట్టును దాదాపు ఉన్నదున్నట్టుగా, చౌకగా నడిపించుకోగల ఆఖరి ఏడాది ఇది. విలియమ్స్ కుడి మణికట్టు లిగమెంటు చిరిగి ఉండగానే ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో 40 పాయింట్లు కొట్టాడని కూడా గుర్తు చేస్తున్నాను. శస్త్రచికిత్స తరవాత అతను ఎప్పుడు పూర్తిగా కుదురుకుంటాడన్నదే నాకున్న బెంగ. నా ఓటు థండర్‌కే.

రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు (రామచంద్రపురం) జవాబు:

నాయనలారా, ఇద్దరూ పశ్చిమ విభాగం గురించే రాశారు. ఈసారి కొత్తగా దారి తెరుచుకున్నది తూర్పున. అలా తెరిచినది ఎవరి ప్రతిభా కాదు, గాయాలు. గత ఏప్రిల్ నుంచి జూన్ లోపల డేమియన్ లిలార్డ్ (మిల్వాకీ), జేసన్ టేటమ్ (బోస్టన్), టైరీస్ హాలీబర్టన్ (ఇండియానా), ముగ్గురికీ మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. ముగ్గురూ తూర్పు జట్ల ఆటగాళ్ళే. హైస్కూలు పిల్లలకు ఆట నేర్పి రిటైరయినవాణ్ణి కనుక ఫైనల్స్ ఏడో మ్యాచ్ చూస్తున్నప్పుడు నా దృష్టి హాలీబర్టన్ పిక్క మీదే ఉంది, ఎందుకంటే అయిదో మ్యాచ్‌లోనే అది పట్టేసింది. మొదటి క్వార్టరులో మూడు త్రీపాయింటర్లు వేసి, మరోసారి బంతితో ముందుకు దూకబోతూ వెనక కాలు నేలకు తన్నిన క్షణంలో, ఎవరూ తాకకుండానే కూలబడి చేత్తో నేలను కొట్టాడు. 2019 ఫైనల్స్‌లో కెవిన్ డ్యురాంట్‌కు జరిగిందీ ఇదే వరస: ముందు పిక్క, ఆ తరవాత అకిలీస్. పిక్క పట్టేసిన పిల్లవాణ్ణి పరుగెత్తించకూడదని మేము మట్టి కోర్టుల మీద కూడా చెప్పేవాళ్ళం.

ఫలితం చూడండి. హాలీబర్టన్ ఈ సీజనంతా ఆడడు. సెంటర్ మైల్స్ టర్నర్ మిల్వాకీకి వెళ్ళిపోయాడు. కాబట్టి నిరుడు ఫైనల్స్ ఆడిన ఇండియానా ఈసారి ప్లేఆఫ్స్‌కు రావడమే కష్టం. టేటమ్ లేని బోస్టన్ మధ్యలో ఎక్కడో ఆగుతుంది. నిక్స్ వెళుతుందన్న మీ మాటతో నేను ఏకీభవిస్తాను గానీ కారణం వేరు. పాత కోచ్ టామ్ తిబొడో ప్రధాన ఆటగాళ్ళ చేత మితిమీరి ఆడించేవాడు. జాష్ హార్ట్ నిరుడు సగటు నిమిషాలలో లీగ్‌కే మొదటివాడు. ఇండియానాతో విభాగపు ఫైనల్ తొలి మ్యాచ్‌లో మూడు నిమిషాల లోపు మిగిలి ఉండగా 14 పాయింట్లు ముందుండి కూడా ఓడిపోవడానికి దురదృష్టం కొంత, ఆ అలసట కొంత. కొత్త కోచ్ మైక్ బ్రౌన్ చేతికి క్లార్క్‌సన్, యాబుసెలే వంటి బెంచ్ ఆటగాళ్ళు అందారు. 1973 తరవాత కప్పు చూడని ఊరు అది. కనీసం ఫైనల్స్ అయినా చూస్తుంది.

ఒర్లాండోను మాత్రం తక్కువ అంచనా వేయకండి. నిరుడు త్రీపాయింటర్ల శాతంలో ఆ జట్టు లీగ్‌లో ఆఖరుది. నాలుగు మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే హక్కులు) ధారపోసి డెస్మండ్ బేన్‌ను తెచ్చుకున్నారు. ధర ఎక్కువే, అవసరం అంతకన్నా ఎక్కువ.

భీమవరం రీబౌండ్ జవాబు:

మాస్టారికి నమస్కారం. నాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. మ్యాచ్ చివరి క్వార్టరుకు వచ్చే వేళకు నేను చెక్ ట్రే పైకి ఎత్తి మేత ఎంత మిగిలిందో చూస్తూ ఉంటాను. ఫోనును ఏరియేటరు స్టార్టరు పెట్టె మీద ఆనించి పెడతాను గానీ తడి వేలికి తెర పలకదు, సరిగ్గా అప్పుడే ప్రకటన వచ్చి ఆగిపోతుంది. కాబట్టి నేను పూర్తిగా చూసే మ్యాచ్‌లు తక్కువ, హ్యూస్టన్‌వి మాత్రం వదలను.

నిరుడు 52 గెలిచి పశ్చిమాన రెండో స్థానంలో నిలిచిన ఆ జట్టు తన షాట్లు తప్పినప్పుడు తానే రీబౌండ్ పట్టడంలో లీగ్‌కు మొదటిది. షెంగూన్, స్టీవెన్ ఆడమ్స్ ఇద్దరినీ ఒకేసారి దించితే ఎదుటివాళ్ళకు రింగు కింద చోటుండదు. లోటల్లా ఆఖరి అయిదు నిమిషాలలో నమ్మకంగా బుట్టలో వేసేవాడు లేకపోవడమే. ఇప్పుడు డ్యురాంట్ వచ్చాడు. వయసు 37 అయినా, ఎదుట చెయ్యి ఎంత ఎత్తు లేచినా అతని షాట్ దాని మీదుగానే వెళుతుంది. షెంగూన్ సెప్టెంబరులో తుర్కియేను యూరోబాస్కెట్ ఫైనల్ దాకా నడిపించాడు.

అయితే ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కు మోకాలి లిగమెంటు తెగిందన్న కబురుతో సగం ఉత్సాహం చచ్చిపోయింది. బంతిని అటునుంచి ఇటు తెచ్చి ఆటను కుదుటపరిచే అనుభవజ్ఞుడు ఇక లేడు. ఆ బరువు ఆమెన్ థాంప్సన్, రీడ్ షెపర్డ్‌ల మీద పడుతుంది. థండర్ లాంటి బంతి దొంగల ముందు అది ప్రమాదకరం. అందుచేత హ్యూస్టన్‌కు పశ్చిమాన మూడో స్థానం, రెండో రౌండులో ఓటమి అని నా అంచనా. గుండె రాయి చేసుకుని రాస్తున్నాను.

పాలకొల్లు వెంబీ అభిమాని జవాబు:

అన్నయ్యలందరూ 65 మ్యాచ్‌ల నిబంధనను మరచిపోయారు. 2023-24 నుంచి ఎమ్‌వీపీ వంటి అవార్డులు కావాలంటే కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలి. నిరుడు యోకిచ్ ఆడినవి 70. వలాన్చూనస్ ఉన్నాడు కదా అని అతనికి మరికాస్త విశ్రాంతి ఇస్తే, పాయింట్‌గార్డు అన్నయ్యగారి మొదటి అంచనాకు మేలు చేసేదే ఎమ్‌వీపీ అంచనాకు చేటు చేస్తుంది. నిరుడు భుజంలో రక్తం గడ్డకట్టి శాన్ ఆంటోనియో ఆటగాడు వెంబన్యామా 46 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. అతను 65 దాటితే ఉత్తమ డిఫెండర్ అవార్డు గురించి చర్చే అవసరం లేదు, శాన్ ఆంటోనియో కూడా తప్పకుండా ప్లేఆఫ్స్‌లో ఉంటుంది. ఎమ్‌వీపీకి నేను చెప్పే పేరు లేకర్స్ ఆటగాడు లూకా డాన్చిచ్. డాలస్ అతన్ని వదులుకున్న తీరుకు జవాబు చెప్పడానికి మొదటి పూర్తి సీజను ఇది, పైగా బాగా ఒళ్ళు తగ్గించి వచ్చాడు. ఎవరు గెలిచినా అమెరికాలో పుట్టినవాడు కాడని మాత్రం రాసిస్తాను; 2018లో జేమ్స్ హార్డెన్ తరవాత ఆ అవార్డు వారికి దక్కనే లేదు.

కొత్తవారిలో కూపర్ ఫ్లాగ్. మొదటి డ్రాఫ్ట్ హక్కు కోసం తీసే లాటరీ 1.8 శాతం అవకాశంతోనే తగిలి డాలస్‌కు వచ్చిన కుర్రవాడు.

కోనసీమ పాయింట్‌గార్డు తిరుగు జవాబు:

అందరికీ ధన్యవాదాలు. పాలకొల్లు చెల్లెమ్మ పట్టుకున్న మెలిక నిజంగా బాగుంది. కప్పు, ఎమ్‌వీపీ రెండిటిలో ఒకటే ఎంచుకోమంటే నేను కప్పునే ఎంచుకుంటాను. తణుకు మిత్రులు చెప్పిన కరూసో ఎత్తుగడకు మాత్రం నా దగ్గర ఒక సమాధానం ఉంది. ఒక్క మనిషి ముందూ ఒక్క మనిషి వెనకా యోకిచ్‌ను మూసేస్తే కోర్టులో మిగిలిన ముగ్గురు ప్రత్యర్థులు నలుగురిని కాయాలి. ఆ నలుగురిలో బయటి నుంచి సూటిగా వేసేవారు చాలినంత మంది లేకపోబట్టే మే నెలలో ఆ మూత తెరుచుకోలేదు. పోర్టర్ భుజం దెబ్బతో ఆడాడు, గోర్డన్ తొడ కండరం దెబ్బతో ఆడాడు. జాన్సన్, టిమ్ హార్డవే చేరిక అక్కడే పనికివస్తుంది.

కనుక అంచనా మార్చను, ఒక షరతు మాత్రం చేరుస్తాను. నిరుడు యోకిచ్ సగటున 36 నిమిషాలకు పైగా ఆడాడు. సంక్రాంతి నాటికి సీజను దాదాపు సగం అయిపోతుంది. అప్పటికి ఆ సగటు 35 కన్నా కిందికి దిగి కూడా డెన్వర్ పశ్చిమాన మొదటి మూడు స్థానాలలో ఉంటే నా లెక్క సరైన దారిలో ఉన్నట్టు. లేదంటే మే నెల దాకా ఆగకుండా అప్పుడే నన్ను నిలదీయవచ్చు.

తణుకు థండర్ జవాబు:

అలాగే కానివ్వండి. భీమవరం రీబౌండ్ గారికి ఒక చిన్న మాట: నవంబరు 2న అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కనుక మనకు 5 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లు ఆ తరవాత 6 గంటలకు మొదలవుతాయి. అప్పటి నుంచి మీ ట్రేలు చూసే వేళకు రెండో క్వార్టరే నడుస్తుంటుంది. మేత పని ముగించుకుని వస్తే ఆఖరి క్వార్టరు తీరికగా చూసుకోవచ్చు.