బీపీ పెరిగిందని గర్భిణికి ఏ మాటల్లో చెప్తున్నారు?

మిడ్‌వైఫ్‌లకు, కాన్పుల వార్డుల్లో చేసేవాళ్లకు ఒక ప్రశ్న. 20 వారాలు దాటాక బీపీ 140/90 వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ లేదు, తలనొప్పి లేదు, చూపు మసకబారడం లేదు. 4 గంటలాగి మళ్లీ చూడాలి. చిక్కంతా ఈ 4 గంటల్లోనే. "ఏం కాదులెండి" అంటే ఆగకుండా ఇంటికెళ్లిపోతారు. "ప్రాణాపాయం" అంటే బెదిరిపోయి తర్వాతి చెకప్‌కే రారు. (160/110 అయితే చర్చే లేదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.)

లావుపాటి చేతికి చిన్న కఫ్ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. అది సరిచూడకుండా ఒకసారి ఊరికే భయపెడితే, రెండోసారి నిజం చెప్పినా నమ్మరు. "రిస్క్ రెండింతలు" అనడమూ నాకు నచ్చదు: వెయ్యిలో ఒకరు కాస్తా ఇద్దరైనా రెండింతలే, వందలో పదిమంది కాస్తా ఇరవైమంది అయినా రెండింతలే.

కాన్పుకి పెద్దాసుపత్రికి మార్చాల్సి రావచ్చన్న సంగతి ఎన్నో వారంలో ఎత్తుతారు? నొప్పుల మధ్య మొదటిసారి వింటే దాచిపెట్టారనే అనుకుంటారు. వెళ్లనంటే కేస్ షీట్‌లో సంతకం ఎలా అడుగుతారు? సంతకం అనగానే "మీరు తప్పించుకోడానికేగా" అంటారు మరి. మీరు వాడే వాక్యం ఉన్నదున్నట్టు రాయగలరా?