అప్‌డేట్: మెటల్ మ్యూజిక్ షో తర్వాత చెవిలో మోత, ఇప్పుడు తగ్గింది

బెంగళూరు మెటల్ షోలో బారికేడ్ పట్టుకుని, ఎడమ పక్క స్పీకర్ల ముందే రెండు గంటలు నిలబడ్డానని, అనంతపురం తిరిగొచ్చాక కూడా ఎడమ చెవిలో కీ... మని మోత ఆగట్లేదని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"చెవిలో నూనె పోయొద్దు, ఈఎన్‌టీ దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకో" అని చెప్పిన అన్న మాటే పనికొచ్చింది. (ఆడియోగ్రామ్ అంటే ఏ స్వరం ఎంత వినపడుతుందో చూపే వినికిడి పరీక్ష గ్రాఫ్.) ఐదో రోజు వెళ్లాను. గ్రాఫ్‌లో ఎడమ చెవి గీత 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు స్వరాల దగ్గర, గుంతలా దిగింది; అక్కడ వినికిడి తగ్గిందన్నమాట. పెద్ద శబ్దం దెబ్బ ఎక్కువగా అక్కడే కనిపిస్తుందట. అనుమానించిన గులిమి, జలుబు, బస్సు కిటికీ గాలి... ఏవీ కారణం కాదు. పన్నెండో రోజుకు మోత పోయింది. మొన్న మళ్లీ తీస్తే గీత దాదాపు సమంగా వచ్చింది. అయితే వినికిడి ఒక్కసారిగా తగ్గితే ఐదు రోజులు ఆగకూడదు, వెంటనే రావాలన్నారు డాక్టర్.

100 డెసిబెల్స్ శబ్దంలో చెవికి రోజుకు పావుగంటే హద్దట. నేనున్నది రెండు గంటలు!

ముందు వరుస మాత్రం వదలను. డబుల్ బాస్ డ్రమ్ దెబ్బ బారికేడ్ ఇనుములోంచి అరచేతుల్లోకి వస్తుంటే ఆ ఆనందం వేరు. ఇయర్‌ప్లగ్స్ కొన్నాను. ఈసారి స్పీకర్ల పక్కన కాదు, మధ్యలో నిలబడతా.