ఎల్‌కేజీ పిల్లాడికి రోజూ రెండు పేజీల రాత: అవసరమా, కాదా?

సిక్కోలు అమ్మ
మా బాబుకి నాలుగేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. రోజూ హోంవర్క్ ఉంటుంది, నాలుగు గీతల కాపీలో ఒక పేజీ, గళ్ల పుస్తకంలో 1 నుంచి 50 దాకా ఇంకో పేజీ. రాత్రి ఏడున్నరకి కూర్చోబెడితే తొమ్మిదైనా అవదు. నిన్న 'బి'ని 'డి'లా రాశాడని చెరిపి మళ్లీ రాయిస్తుంటే కాగితం చిరిగింది. వాడు ఆ చిరిగిన చోట వేలు పెట్టి "అమ్మా, పేజీకి దెబ్బ తగిలింది" అని ఏడ్చాడు. మా ఆయనేమో అందరి పిల్లలూ రాస్తున్నారుగా అంటారు. అసలు ఈ వయసులో బడిలో ఏం నేర్చుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత పలక
అమ్మా, నేను 31 ఏళ్లు మండల పరిషత్ బడిలో పనిచేశాను, ఎక్కువకాలం ఒకటో తరగతికే. ఒక ఏడాది ఒక బాబు వచ్చాడు, నూరు దాకా అంకెలు ముత్యాల్లా రాసేవాడు. చింతపిక్కల డబ్బా ముందు పెట్టి "ఏడు ఇవ్వు నాన్నా" అంటే గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. అదే ఏడాది అంగన్వాడీ నుంచి వచ్చిన పాపకి ఒక్క అంకె రాయడం రాదు. కానీ "మీ వరసకి పలకలు తెచ్చిపెట్టు" అంటే వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకుని, సరిగ్గా ఆరే తెచ్చింది. లెక్క వచ్చింది ఆ పాపకి. మూడు నుంచి ఆరేళ్ల మధ్య నేర్చుకోవాల్సింది ఇదే. కథ విని తర్వాత ఏమవుతుందో ఊహించడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, జరిగింది నాలుగు మాటల్లో చెప్పడం, 'పలక', 'పాప' ఒకే శబ్దంతో మొదలవుతాయని చెవితో పట్టుకోవడం, గుండీలు పెట్టుకోవడం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, నాలుగేళ్లకి అవన్నీ గట్టిపడి కూడా ఉండవు. అలాంటి చేతితో రెండు పేజీలు రాయించడం ఏం న్యాయం?

ఇందూరు నాన్న
సార్, ఈ ఎముకల మాట ప్రతి చర్చలోనూ వస్తుంది. గట్టిపడలేదని చెంచా పట్టుకోవడం మానేస్తున్నారా? మా పాప ఎల్‌కేజీలోనే చక్కగా రాసింది, చేతికి ఏమీ కాలేదు. ఇంకో మాట, ఆటల చదువు అంటే అందరూ మాంటిస్సోరి పేరు చెబుతారు కదా, 1907లో రోమ్‌లో ఆవిడ మొదలుపెట్టిన బడిలో నాలుగేళ్ల పిల్లలే రాయడం మొదలుపెట్టారు. మరి అది తప్పా? ఏడాదికి 32 వేలు ఫీజు కట్టి ఆడుకోవడానికి పంపాలా? ఆట ఇంట్లో ఆడుకుంటారు.

గోలీసోడా
32 వేలే నయం అన్నా, మా దగ్గర 60.

వేళ్ల డాక్టర్
నేను పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను. ఎముక గట్టిపడటానికీ రాతకీ నేరుగా ముడిపెట్టకండి, ఇందూరు నాన్న గారు అడిగింది సబబే. చూడాల్సింది భుజం బలం, మణికట్టు నిలకడ, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిసి పనిచేయడం. పిండి ముద్దలు చేయడం, చిక్కుడుకాయలు తుంచడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, చెట్టు కొమ్మకి వేలాడటం, వీటితో అవి వస్తాయి. పిడికిలితో పెన్సిల్ పట్టుకునే పిల్లాడితో పేజీలు నింపిస్తే ఆ పట్టే అలవాటైపోతుంది, తర్వాత మార్చడం నాకు తలనొప్పి. 'బి', 'డి' తిరగబడటం ఏడేళ్ల దాకా మామూలే, సిక్కోలు అమ్మ గారూ, దాని గురించి కంగారు పడొద్దు.

పాత పలక
ఎముకల మాట వెనక్కి తీసుకుంటాను. మాంటిస్సోరి సంగతి మాత్రం సగమే చెప్పారు. ఆవిడ పిల్లలకి ముందు గరుకు కాగితంతో చేసిన అక్షరాలు ఇచ్చింది, వాళ్లు వాటి మీద వేలు తిప్పుతూ ఆ శబ్దం పలికేవాళ్లు. చేయి కుదిరాక రాత తనంతట తాను వచ్చింది. 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకి నేర్పింది కూడా ఆ పద్ధతే. మన అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి పిల్లాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం, అదీ అలాంటిదే. మర్నాటి నుంచి ఆ బియ్యం పళ్లెం తీసేసి కాపీ పుస్తకం పెడుతున్నాం చూడండి, తప్పు అక్కడ జరుగుతోంది.

ఇందూరు నాన్న
అంటే నాలుగేళ్లకి రాయొచ్చు అని ఒప్పుకున్నట్టేగా?

పాత పలక
రాయొచ్చు వేరు, రాయించడం వేరు.

గోలీసోడా
2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో ప్రీస్కూల్ పిల్లలకి బ్యాగే వద్దన్నారు. మా వీధిలో అమలు చేసిన బడి ఒక్కటీ లేదు.

సెంటర్ టీచరమ్మ
నేను అంగన్వాడీ టీచర్ని. ఈ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది, ప్రీస్కూల్ చదువు మొదటి నుంచీ మా పనుల్లో ఒకటి, గుడ్డూ పాలూ ఇవ్వడం ఒక్కటే కాదు. పొద్దున ఒక గంట దొరికితే పిల్లల చేత రంగు పూసలు వేరు చేయిస్తాను, ఆకుల్లో చిన్నదీ పెద్దదీ వరసగా పెట్టిస్తాను, పాట పాడిస్తాను. కానీ ఆ గంట దొరకాలి కదా. హాజరు ఫోన్‌లో ఎక్కించాలి, నెట్ రాదు. బరువులు, ఎత్తులు, రిజిస్టర్లు, సర్వేలు. పోయిన వారం పాట సగంలో ఫోన్ వచ్చింది, మాట్లాడి వచ్చేసరికి పిల్లలే మిగతా సగం పాడుకుంటున్నారు. సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది. తల్లులు మాత్రం "మీ దగ్గర ఏబీసీడీలు రాయించరా?" అని అడిగి మూడున్నరేళ్లకే ప్రైవేటుకి తీసుకెళ్లిపోతారు.

ఇందూరు నాన్న
తీసుకెళ్లక ఏం చేస్తారమ్మా? నేను అంగన్వాడీ పిల్లాడినే. ఆటలూ పాటలూ అన్నీ బాగానే ఉండేవి. ఆరో తరగతిలో పట్నంలో ఇంగ్లీష్ మీడియంలో వేస్తే, చదవమని లేపిన ప్రతిసారీ నిలబడి నేల చూసేవాడిని. రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ పరిస్థితి మా పాపకి రాకూడదు. పలక సార్‌ని ఒకటే అడుగుతున్నా, ఇంత చెబుతున్నారు కదా, మీ పిల్లలు ఎక్కడ చదివారు?

పాత పలక
అది చర్చకి సంబంధం లేదు.

గోలీసోడా
జవాబు చెప్పండి సార్.

పల్నాడు పిల్ల
ఎందుకు ఆయన్ని పట్టుకుని అలా అడుగుతారు? పెద్దాయన మంచే చెబుతున్నారు.

ఇందూరు నాన్న
మంచే చెబుతున్నారు మేడమ్, కానీ ఆ మంచి మా పిల్లల మీద ప్రయోగమా? ఆడుకుని ఆలస్యంగా నేర్చుకున్నా టీచర్ల పిల్లలకి ఇంట్లో పట్టించుకునే మనిషి ఉంటారు. మా అమ్మకి సంతకం రాదు. మాకు బడిలో రానిది ఇంకెక్కడా రాదు. అందుకే ఆ నోట్సు నిండి కనిపించాలి, నిండిన పేజీ ఒక్కటే మాకు కనిపించే సాక్ష్యం.

పాత పలక
ప్రైవేటులోనే చదివించాను. నా ఇద్దరినీ. మా ఆవిడ పట్టుబట్టింది అని చెప్పి తప్పించుకోను, నాకూ భయమే వేసింది. మా అమ్మాయి యూకేజీలో ఉండగా పెన్సిల్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది, అన్నం వండబోతుంటే మా అమ్మ చేతికి దొరికింది. ఆ రోజు నేను పిల్లని కొట్టాను. ఇప్పుడు ఇంత గట్టిగా వాదించేది అందుకే. నిండిన పేజీ తప్ప ఇంకేం కనపడదు అన్నారు, ఆ మాట నేను ఇన్నేళ్లలో ఆలోచించలేదు. నేర్చుకున్నది తల్లిదండ్రులకి చూపించాల్సిన బాధ్యత బడిదే, మేం చూపించలేదు.

ఇందూరు నాన్న
చెప్పినందుకు థాంక్స్ సార్. కానీ ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు రాయమనే అడుగుతున్నారు, ఏడు చింతపిక్కలు ఇవ్వమని ఎవరూ అడగట్లేదు. అది మారేదాకా నేను రాయిస్తాను.

సెంటర్ టీచరమ్మ
పేజీ తగ్గించి రాయించండి అన్నా, పాప వేళ్లు కూడా ఒకసారి చూడండి.

సిక్కోలు అమ్మ
ఇప్పుడే పిక్కలతో ఆడించాను. నాలుగు అడిగితే నాలుగే ఇచ్చాడు. ఏడు అడిగితే ఐదు దాకా బాగానే లెక్కపెట్టి, తర్వాత ఒకే పిక్కని రెండుసార్లు ముట్టుకుని ఏడు అన్నాడు. 50 దాకా రాసే పిల్లాడు. మా ఆయన పక్కనే కూర్చుని చూశారు, ఏమీ అనలేదు, తర్వాత ఆయనే ఇంకో గుప్పెడు పిక్కలు తెచ్చారు. రేపు డైరీలో "ఈ రోజు ఒక పేజీయే రాశాడు, మిగతా సమయం లెక్కపెట్టాడు" అని రాసి పంపుతున్నాను. మేడమ్ ఏమంటారో రేపు సాయంత్రం వచ్చి చెబుతాను.