సీబీడీ సిరప్ మొదలుపెట్టాక పాపకి విపరీతమైన నిద్రమత్తు, మీ పిల్లలకూ ఇలా అయ్యిందా?

అందరికీ నమస్కారం. మేం డల్లాస్‌లో ఉంటాం. మా పాపకి ఆరేళ్లు, డ్రావెట్ సిండ్రోమ్ అనే అరుదైన మూర్ఛ జబ్బు ఉంది. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఫిట్స్ వచ్చేస్తాయి. మూడు వారాల కిందట డాక్టర్ ఎపిడియోలెక్స్ మొదలుపెట్టారు. గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ అనే పదార్థాన్ని నువ్వుల నూనెలో కలిపిన సిరప్, స్ట్రాబెర్రీ రుచి. 2018లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతించిన మందే.

దేవుడి దయవల్ల ఫిట్స్ తగ్గాయి. కానీ అన్నం ముద్ద బుగ్గన ఉండగానే నిద్రలోకి జారిపోతోంది. ముందు నుంచీ క్లోబజామ్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా వేస్తున్నాం. సీబీడీ లివర్‌లో ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని, దాంతో క్లోబజామ్ నుంచి తయారయ్యే పదార్థం ఒంట్లో పెరిగి మత్తు వస్తుందని చదివాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే గురువారం రక్తపరీక్షకి రమ్మన్నారు. మా అంతట మేం డోసు మార్చలేదు. మీ పిల్లలకి క్లోబజామ్ తగ్గించారా? మత్తు ఎన్నాళ్లకు వదిలింది?

ఇంకో మాట. గుంటూరులో మా అత్తయ్యగారు "పసిపిల్లకి గంజాయి పోస్తారా" అని ఫోన్లో ఒకటే ఏడుపు. గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే వేరే పదార్థం, అది మెదడులోని సీబీ1 అనే గ్రాహకాలను (రిసెప్టర్లను) పట్టుకుంటుంది, సీబీడీ అలా పట్టుకోదు అని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా చెప్పారో రాయండి, ప్లీజ్.