‘నాకు అనిపించింది’లో నేను ఎక్కడ?

ప్రశ్న: ‘మంచిదనిపించింది, చేశాను’ అంటాం. మంచిదని తోచాక ఇక చెయ్యకుండా ఉండగలమా? తోచడమే మనల్ని నడిపిస్తుంటే ‘నా ఇష్టం’ అన్న మాటకి అర్థం ఏముంది? మొన్న బెంగళూరు మారతహళ్ళిలో టీ తాగుతూ గంటసేపు వాదించుకున్నాం, తేలలేదు.

జవాబు: ముందు మాటల్నే చూడండి. ‘అను’కి ప్రేరణ రూపం ‘అనిపించు’. అంటే ఏదో నా చేత అనిపించింది. అందుకే అక్కడ ‘నేను’ ఉండదు, ‘నాకు’ ఉంటుంది. నచ్చింది, తోచింది కూడా అంతే. అదే అనుకున్నాను, మెచ్చాను, పూనుకున్నాను అంటే ‘నేను’ రావాల్సిందే. కన్నడంలోనూ ‘ననగె అన్సుత్తె’ అంటారు. మా ఇంటి ఓనరుగారు అద్దె పెంచే ముందు ఈ మాటే వాడతారు, ఆ పెంపుతో తనకేమీ సంబంధం లేనట్టు!

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పింది ఇదే. శ్రేయస్సు (మేలు చేసేది), ప్రేయస్సు (ప్రియంగా తోచేది) రెండూ మనిషి దగ్గరికి వస్తాయి. రావడం మన చేతిలో లేదు. ‘తౌ సంపరీత్య వివినక్తి ధీరః’: ధీరుడు, అంటే వివేకి, వాటి చుట్టూ తిరిగి చూసి వేరు చేస్తాడు. ఆ ‘సంపరీత్య’ (చుట్టూ తిరిగి చూసి) దగ్గర ఆగండి.

ఇంకొకరు: వ్యాకరణం తత్వానికి సాక్ష్యం కాదండీ. ధీరుడికి మాత్రం శ్రేయస్సే మేలనిపించబట్టి కదా అటు వెళ్ళాడు? బరువున్న వైపు తక్కెడ మొగ్గింది, అంతే.

జవాబు: సాక్ష్యం కాదు, ఒప్పుకుంటా. కానీ తక్కెడ చుట్టూ తిరిగి చూడదు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ ఇచ్చిన సమాధానం నాకు నచ్చింది (చూశారా, నాకు!). ఏ లోటూ లేని మంచి ఎదురైతే మనసు దాన్ని కాదనలేదు. మిగతా ప్రతి మంచిలోనూ ఏదో ఒక కొరత ఉంటుంది, ఆ కొరత వైపు నుంచి చూస్తే వద్దనుకోవచ్చు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చిందనుకోండి. జీతం చూస్తే మంచిదే. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రోజూ వెళ్ళాలంటే కాదు. ఏ వైపు చూపు నిలుపుతానన్నది నా పని.

ప్రశ్న వేసినవారు: మరి వద్దనుకుంటూనే చేసేవాడో?

జవాబు: గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగిందీ అదే: ‘బలాదివ నియోజితః’. బలవంతంగా అనలేదు, ‘ఇవ’ అన్నాడు, బలవంతాన తోసినట్టు. ఆ చిన్న ముక్క మీదే నా వాదనంతా నిలబడింది. అయితే జీతం వైపే ఎందుకు చూశావని అడిగితే మాత్రం ‘ఏమో, అలా అనిపించింది’ అనే నోటికొస్తుంది. అక్కడ నాకూ చిక్కే.