శాంతి స్వరూప్ గారు గొప్ప జర్నలిస్టా, గొప్ప న్యూస్ రీడరా?

ముషీరాబాద్ పిల్లోడు:
2024 ఏప్రిల్ 5న శాంతి స్వరూప్ గారు పోయారన్న వార్త వచ్చినప్పుడు మా అమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆయన్ని ఆవిడ ఒక్కసారి కూడా కలవలేదు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే. మా గల్లీలో అప్పుడు టీవీ ఉన్నది ఒక్కరింట్లోనే. సాయంత్రం వార్తల టైముకి ఆ ఇంటి ముందు గది నిండిపోయేది. ఆయన ముఖం కనిపించగానే పెద్దవాళ్లు మమ్మల్ని నోరు మూసుకోమనేవారు.

మొన్న ఒక పెళ్లిలో మాటల మధ్య ఆయన గొప్ప జర్నలిస్టు అన్నాను. "ఎవరో రాసిచ్చింది చదివితే జర్నలిస్టు ఎలా అవుతాడు?" అని మా బాబాయి అడిగారు. నాకు మనసు చివుక్కుమంది గానీ జవాబు తోచలేదు. మీరేమంటారు?

గుంటూరు మిర్చియార్డు:
మీ బాబాయి గారి మాటే నా మాట. ఆయన మీద గౌరవం లేక కాదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ గారు ఎన్టీఆర్ గారిని గద్దె దించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, మళ్లీ ఆయన్నే ముఖ్యమంత్రిని చేయాల్సి వచ్చింది. ఆ నెల రోజులూ రాష్ట్రం అట్టుడికిపోయింది. అప్పుడు దూరదర్శన్ నేరుగా కేంద్ర ప్రభుత్వం కింద ఉండేది. దూరదర్శన్‌ని ప్రభుత్వం చేతిలోంచి తీసి స్వతంత్ర సంస్థ కిందకి తెచ్చే ప్రసార భారతి చట్టం 1990లో చేశారు గానీ అది అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. మా నాన్నగారు పేపరులో చూసిందాకా ఏదీ నమ్మేవారు కాదు. అధికారంలో ఉన్నవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగే వీలు లేని కుర్చీ అది. ప్రశ్న లేనప్పుడు జర్నలిజం ఎక్కడుంది?

న్యూస్ డెస్క్ 2006:
నేను ఒక తెలుగు చానల్ డెస్క్‌లో పనిచేస్తాను. ఆ కుర్చీలో కూర్చోవడం ఏమిటో రోజూ చూస్తుంటాను కాబట్టి రాస్తున్నా.

ఇప్పటి యాంకర్‌కి కెమెరా ముందే టెలిప్రాంప్టర్ ఉంటుంది. అక్షరాలు పెద్దగా కదులుతుంటాయి. చెవిలో టాక్‌బ్యాక్ పెట్టుకుంటే పీసీఆర్ నుంచి, అంటే ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్ నుంచి, ప్రొడ్యూసర్ చెబుతూనే ఉంటారు. ఇన్ని ఉన్నా ప్రాంప్టర్ ఒక్క క్షణం ఆగితే చాలామందికి చెమటలు పడతాయి. శాంతి స్వరూప్ గారు మొదలుపెట్టినప్పుడు ప్రాంప్టర్ లేదు. స్క్రిప్ట్ కాగితాలు ముందు పెట్టుకుని, వాక్యాలు బుర్రలోకి ఎక్కించుకుని, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. అర్థం పట్టుకోనివాడికి అది సాధ్యం కాదు. ఏ మాట దగ్గర ఆగాలో, పేరు మీద నొక్కాలో అంకె మీద నొక్కాలో తెలిసి చదవాలి. అది ఎడిటింగ్ తెలిసిన మనిషి చేసే పని.

ఇంకోటి. చావు వార్త చదివేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గేదే తప్ప వణికేది కాదు. దాని వెంటనే క్రికెట్ స్కోరు చదవాల్సి వస్తే నడుమ చిన్న విరామం ఇచ్చేవారు. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను ఆ విరామం గురించే చెబుతాను. మా దగ్గర ఆ ఖాళీలో ఇప్పుడు మ్యూజిక్ వేస్తున్నారు. నాకు అది అస్సలు నచ్చదు.

బడిపంతులు, అనంతపురం:
తెలుగు టీచరుగా నా మాట కూడా వినండి. ముప్పై ఏళ్ల కిందట నేను మా పిల్లలతో "ఇంటికెళ్లి దూరదర్శన్ వార్తలు వినండి, శ, ష, స ఎలా పలుకుతున్నారో రాసుకురండి" అనేవాణ్ణి. "శాసనసభ" అన్న ఒక్క మాట చాలు. అందులో మొదట శ, తర్వాత రెండు స. ఆయన నోట ఏ అక్షరం దాని చోట అది వినపడేది. ఇప్పుడు చానల్ మార్చి చూడండి, ఎక్కువమంది నోట మూడూ స అయిపోయాయి. ణ పోయి న మిగిలింది. పిల్లలు విన్నదే పలుకుతారు. నేను నల్లబల్ల మీద ఎంత రాసినా లాభం లేదు. ఆయన రోజూ మా బడికి వచ్చి పాఠం చెప్పి వెళ్లినట్టుండేది నాకు.

గుంటూరు మిర్చియార్డు:
మాస్టారూ, ఉచ్చారణ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉచ్చారణ బాగున్నంత మాత్రాన ఆ వార్త పూర్తి అవుతుందా? రేడియో, టీవీ ప్రసారాలు నడిచే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఈటీవీ వచ్చింది. ఆ తర్వాతే కదండీ తెలుగు టీవీలో మంత్రిని నిలదీసే రోజు వచ్చింది! ఆ రోజు కోసం కొట్లాడినవాళ్లు మనకి గుర్తుండాలి.

న్యూస్ డెస్క్ 2006:
నిలదీయడం మా వృత్తే, కాదనను. కానీ 2010 జనవరి మర్చిపోకండి. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ప్రమాదం మీద ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో ఉన్న ఆధారం లేని కథనాన్ని తెలుగు చానళ్లు ప్రసారం చేశాయి. జనం రోడ్ల మీదకొచ్చి దుకాణాలు పగలగొట్టారు. ఆ రాత్రి చదివిన ప్రతి యాంకర్ ముందూ స్క్రిప్ట్ ఉంది. "ఇది ఎవరు ధ్రువీకరించారు?" అని అడగడం కూడా ప్రశ్నే. మంత్రిని అడిగే ప్రశ్న కంటే అది ముందు రావాలి.

ముషీరాబాద్ పిల్లోడు:
ఇవన్నీ చదివాక నా ఆలోచన కొంచెం మారింది. గుంటూరు అన్నగారు చెప్పిన 84 సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంది. బులెటిన్‌లో ఏముండాలో తేల్చింది ఆయన కాదు. ఆ తప్పొప్పులు ఆయన ఖాతాలో వేయను, కానీ ఆ బులెటిన్‌ని వెనకేసుకురాను కూడా.

అయినా "చదివాడు, అంతే" అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. 2011లో రిటైర్ అయ్యేదాకా అదే నిదానం. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఏ పార్టీ మనిషో మా గల్లీలో ఎవరికీ తెలియలేదు. ఆయన భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద నవల కూడా రాశారు. వార్తలో నాలుగు వాక్యాలుగా చదివిన చావులు ఆయన మనసులో అలాగే ఉండిపోయాయనే నాకనిపిస్తుంది. అలాంటి మనిషిని నేను జర్నలిస్టు అనే అంటాను.

గుంటూరు మిర్చియార్డు:
నవల సంగతి నాకు తెలియదు, సంపాదించి చదువుతాను. జర్నలిస్టు అన్న మాట దగ్గర మాత్రం నేను ఇంకా ఆగే ఉన్నాను తమ్ముడూ. ఆ ఆగస్టు, సెప్టెంబర్ బులెటిన్లు వింటే గానీ తేల్చుకోలేను.

బడిపంతులు, అనంతపురం:
ఆ రోజుల్లో హైదరాబాద్‌లో వీసీఆర్ ఉన్నవాళ్లు ఎవరైనా వార్తలు రికార్డు చేసి ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి. టేపు పాడైపోయి బొమ్మ రాకపోయినా పరవాలేదు, గొంతు వినపడితే చాలు.