కృతజ్ఞతలు రోజూ రాస్తున్నాను, మనసు మాత్రం కలవడం లేదు

తెల్లకాగితం:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆయన పనులన్నీ నేనే చూస్తాను. కుడిచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగుసుకుని ఉంటుంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచుకుని, ముందు మణికట్టు మెల్లగా లోపలికి వంచి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ తెరవాలి. తొందరపడి లాగితే ఇంకా బిగుస్తుంది. అరచెయ్యి తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చి, చిన్న గుడ్డచుట్ట పెడతాను. మిగతా మాటలు ముద్దగా వస్తాయి గానీ తిట్లు మాత్రం ఆయన నోట స్పష్టంగా వస్తాయి. అవి నాకే.

పడుకునే ముందు కృతజ్ఞతలు రాసుకోమని సంఘంలో ఒక అక్క నోట్‌బుక్ ఇచ్చారు. రాస్తున్నాను. రోజూ అవే: ఊపిరి, ఇల్లు, ఆరోగ్యం. హాజరుపట్టీ నింపుతున్నట్టుంది. ప్రార్థన కూటంలో చెప్తే, "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూడమ్మా, స్తోత్రం దానంతటదే వస్తుంది" అన్నారు. ఇంకొకరు జబ్బు ఇచ్చినందుకు కూడా స్తోత్రం చెప్పమన్నారు. నాకు నోరు రావట్లేదు. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని 1 థెస్సలొనీకయ 5:18లో ఉంది కదా, దాన్ని మీరు మామూలు రోజుల్లో ఎలా పాటిస్తున్నారు? ప్రసంగం వద్దు, దయచేసి మీరు చేసేది చెప్పండి.

రాత్రిడ్యూటీ:
సిస్టర్, ఆ పోల్చుకునే సలహా పక్కన పెట్టండి. లూకా 18లో ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే పరిసయ్యుడు చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే. పన్నులు వసూలు చేసే ఒకడిని చూసి, "ఈ సుంకరిలా లేనందుకు" అని దేవుడికి థాంక్స్ చెప్పాడు. నీతిమంతుడని తీర్పు పొంది ఇంటికెళ్ళింది మాత్రం సుంకరి.

జబ్బు ఇచ్చినందుకు స్తోత్రం అంటారా, యోహాను 11 చదవండి. లాజరు సమాధికి వెళ్తూ యేసు మొదట ఏడ్చాడు. తర్వాత తండ్రికి కృతజ్ఞత చెప్పాడు, అది కూడా తన మొర విన్నందుకు. లాజరు చనిపోయినందుకు కాదు. నేనూ అంతే చేస్తాను. బాధను బాధగానే చెప్పి, ఆ తర్వాతే స్తోత్రానికి వస్తాను. అస్సలు రాని రోజు 88వ కీర్తన చదివి పడుకుంటాను. అది మొదలుపెట్టడమే మొరతో, ముగిసేది చీకట్లో. అయినా బైబిల్లో ఉంది.

పక్కమంచం:
బ్రదర్, అంత కొట్టిపారేయకండి. ఆపరేషన్ తర్వాత వార్డులో అటూ ఇటూ ఉన్న మంచాలు చూశాకే నాకు స్తోత్రం లోపల్నుంచి వచ్చింది. పరిసయ్యుడు సుంకరిని చిన్నచూపు చూశాడు, నేను పక్క మంచం పెద్దాయన కోసం ప్రార్థన చేశాను. రెండూ ఒకటి కాదు.

రాత్రిడ్యూటీ:
మీ విషయంలో ఒప్పుకుంటాను. కానీ అది మీకు మీరుగా చూసింది. అలసిపోయిన మనిషికి పక్కవాళ్ళు చెప్తే అది "నోరు మూసుకో" అన్నట్టే వినిపిస్తుంది.

పాతపెన్ను:
అమ్మా, నోట్‌బుక్ మానొద్దు, రాసే తీరు మార్చు. 136వ కీర్తన కృతజ్ఞతల కీర్తనే, 26 వచనాలున్నాయి. సూర్యుడు వేరు, చంద్రుడు వేరు, ఎర్రసముద్రం వేరు. సీహోను, ఓగు అని ఓడిపోయిన రాజుల పేర్లతో సహా చెప్తాడు. "అన్నిటికీ వందనాలు" అని ఒక్క ముక్కలో తేల్చలేదు. నువ్వూ "ఆరోగ్యం" అని రాయకు. "ఇవాళ చూపుడు వేలు తేలిగ్గా తెరుచుకుంది" అని రాయి. తిట్టిన రోజు "తిట్టారు" అని కూడా రాయి, దేవుడేమీ అనుకోడు.

ఇంకొకటి. లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ మాంసాన్ని ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. అదే మొక్కుబడి అర్పణ అయితే మర్నాటికి ఉండొచ్చు. యాజకుడి భాగం పోయినా ఒక పశువు మాంసం ఒక్క రోజులో ఒక్కరివల్ల అవుతుందా? నలుగురిని పిలవాల్సిందే. నాకు దీన్నిబట్టి ఒక అలవాటు వచ్చింది. కృతజ్ఞతలో మనిషి ఎవరైనా ఉంటే, దేవుడికి చెప్పి ఊరుకోను, ఆ మనిషికి అదే రోజు చెప్తాను. రాత్రి పది దాటితే మెసేజ్ పెడతాను.

తెల్లకాగితం:
అందరికీ థాంక్స్. 88వ కీర్తన చదివాను, ఎందుకో కాస్త టెన్షన్ తగ్గింది.

పాతపెన్ను అంకుల్, మీరు చెప్పాక నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూశాను. ఆదివారం మా ఆడపడుచు వచ్చి మామయ్యగారి దగ్గర కూర్చుంటేనే నేను ఆరాధనకు వెళ్ళగలుగుతున్నాను. తన పేరు చాలా పేజీల్లో ఉంది. తనకు మాత్రం ఆ సంగతి తెలీదు. ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏంటి వదినా, వచ్చేవారం కూడా రావాలా?" అంది.

రావాలనే చెప్పాను.